అండం విడుదలవుతోందా? ముందు అది అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే బాధ చెబుతున్నాయి. పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉందన్నారు, పిల్లల కోసం చూస్తున్నాం, ఏం చేయాలో తెలియడం లేదు అని. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. పేర్లు తీసేశాను, పొడవైన ఉత్తరాలను కాస్త కుదించాను.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఏడాదిగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. పీరియడ్స్ ఒకసారి 40 రోజులకి వస్తాయి, ఒకసారి రెండు నెలలు దాటిపోతుంది. మొన్న స్కానింగ్‌లో రెండు వైపులా నీటి బుడగలు ఉన్నాయన్నారు. ఆ బుడగలు కరిగితే గానీ ప్రెగ్నెన్సీ రాదా? ఆపరేషన్ చేసి తీసేయొచ్చా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు మేడమ్.

జవాబు: ఆ ‘నీటి బుడగలు’ అన్న మాటే మీ నిద్ర పాడుచేసిందమ్మా. అవి గడ్డలూ కావు, రోగం పట్టిన బుడగలూ కావు. అండాశయంలో అండాలు చిన్న చిన్న సంచుల్లో ఉంటాయి. మామూలుగా ప్రతి నెలా వాటిలో కొన్ని పెరగడం మొదలుపెట్టి, ఒకటి మాత్రం మిగతావాటిని దాటుకుని 20 మిల్లీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండాన్ని బయటికి వదులుతుంది. పీసీఓఎస్‌లో ఆ ఒక్కటి ముందుకు రాదు. చాలా సంచులు 2 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య ఎక్కడివక్కడ ఆగిపోతాయి. స్కానింగ్ తెర మీద అండాశయం అంచు వెంబడి నల్లటి చుక్కలు పూసల్లా వరుసగా కనబడతాయి, వాటినే మీకు బుడగలని చెప్పారు. మీ అండాలు ఉన్నవి వాటిలోనే. కరిగించాల్సిన పనీ లేదు, తీసేయాల్సిన పనీ లేదు, నిజానికి మనం కోరుకునేది వాటిలో ఒకటి పెరగాలనే.

ఎందుకు ఆగిపోతాయి అంటే, చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయం చేత మగ హార్మోన్లు ఎక్కువగా తయారుచేయిస్తుంది, మెదడు నుంచి వచ్చే సంకేతాల్లో కూడా ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువై ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ చాలకుండా పోతుంది. సంచి పెరగడానికి కావాల్సింది ఎఫ్‌ఎస్‌హెచ్. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, పీరియడ్స్ ఆలస్యం అన్నీ ఈ ఒక్క చిక్కు నుంచే వస్తాయి. 1935లో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు దీని గురించి రాసినప్పుడు కంటికి కనిపించింది అండాశయాల రూపం, అందుకే ‘పాలిసిస్టిక్’, అంటే చాలా బుడగలున్నది అని, పేరు కూడా ఆ రూపం మీదే నిలబడిపోయింది. ఆ పేరు వల్ల ఇన్నేళ్లుగా ఆడవాళ్లు బుడగల గురించే భయపడుతున్నారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఒక్క స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు. 2003 నుంచి అందరూ వాడుతున్న లెక్క ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: పీరియడ్స్ క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం (రక్తంలో గానీ, ఒంటి మీద గానీ), స్కాన్‌లో అండాశయాలు అలా కనబడటం. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కాన్ బదులు ఏఎంహెచ్ (ఆ చిన్న సంచుల నుంచి వచ్చే హార్మోన్) రక్తపరీక్ష అయినా సరే అన్నాయి. మీకు రెండు కుదిరినట్టే ఉన్నాయి. కానీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) చూశారా? మీ ఉత్తరంలో వాటి మాట లేదు. ఆ రెండింటిలో తేడా ఉన్నా పీరియడ్స్ ఇలాగే తప్పుతాయి, వాటి మందులు వేరు.

ఇక మీరు చేయాల్సిన పని. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు బుడగల సంగతి వదిలేసి ఒకే మాట అడగండి: ‘నాకు అండం విడుదలవుతోందా? అవకపోతే అయ్యేలా చేయడానికి ఏం ఇస్తారు?’ 35 ఏళ్ల లోపు ఏడాది, ఆపైన ఆరు నెలలు ప్రయత్నించి చూశాకే రండి అంటారే, అది పీరియడ్స్ నెలనెలా వచ్చేవాళ్లకి పెట్టిన లెక్క. నెలనెలా వచ్చేవాళ్లకి ఏడాదిలో 12, 13 అవకాశాలుంటే, 40 రోజులకో, రెండు నెలలకో వచ్చే మీకు ఆరు నుంచి తొమ్మిదే, అవి కూడా ప్రతిసారీ అండం విడుదలైతేనే. కాబట్టి ఇంకా ఆగి చూద్దాం అనకండి.

ఆపరేషన్ అడిగారు కాబట్టి చెబుతున్నాను, ల్యాప్రోస్కోపీతో అండాశయం మీద చిన్న చిన్న చుక్కలుగా కాల్చే పద్ధతి ఒకటి ఉంది, డ్రిల్లింగ్ అంటారు. అండం విడుదలకి ఇచ్చే మాత్రలకి లొంగనప్పుడు ఆలోచించేది అది. మొదటి మెట్టు మాత్రం కాదు.

ఇంకోటి, ఇది అందరికీ. మూడు నెలలు దాటినా పీరియడ్స్ రాకపోతే ఊరుకోకండి. గర్భసంచి లోపలి పొర రాలిపోకుండా మందం పెరుగుతూ ఉంటే ముందుముందు ప్రమాదం. పీరియడ్స్ రప్పించే మాత్రలు ఇస్తారు, కానీ అవి వేసుకునే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ తప్పకుండా చేసుకోండి. ‘నాకెప్పుడూ లేటే కదా’ అనుకుని కడుపుతో ఉన్న సంగతే తెలియని వాళ్లు ఉంటారు.

ప్రశ్న: ఓవ్యులేషన్ స్ట్రిప్స్ వాడుతున్నాను. నోట్‌బుక్‌లో అంటించి ఫొటో పంపుతున్నాను చూడండి. దాదాపు రోజూ రెండు గీతలు వస్తున్నాయి. ఏ రోజు నమ్మాలి? 21వ రోజు ప్రొజెస్టెరాన్ చేయించుకుంటే తక్కువ ఉందన్నారు, అంటే నాకు అండం రావడం లేదనేనా?

జవాబు: ఫొటో చూశాను. 12వ రోజు నుంచి 26వ రోజు దాకా పదిహేను స్ట్రిప్స్, ఒక్కోదాని కింద పెన్సిల్‌తో తేదీ, పక్కన ‘ముదురు’, ‘కొంచెం లేత’ అని రాసుకున్నారు. మీ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది, కానీ ఆ స్ట్రిప్స్ మీకు సరిపడేవి కావేమో. అవి ఎల్‌హెచ్‌ని పట్టుకుంటాయి. మామూలు వాళ్లలో ఎల్‌హెచ్ తక్కువగా ఉండి, అండం విడుదలకి ఒకటి ఒకటిన్నర రోజు ముందు ఒక్కసారిగా ఎగసి పడిపోతుంది. పీసీఓఎస్‌లో చాలామందికి ఎల్‌హెచ్ ఎప్పుడూ కాస్త ఎక్కువే, అందుకని స్ట్రిప్ రోజూ అవునవును అంటూనే ఉంటుంది. అలాగే కొన్నిసార్లు శరీరం ప్రయత్నం మొదలుపెట్టి మధ్యలో విరమించుకుంటుంది, అప్పుడూ గీత ముదురుతుంది గానీ అండం రాదు.

ఇక 21వ రోజు పరీక్ష. ఇది చాలామందిని అనవసరంగా ఏడిపిస్తున్న పరీక్ష అని చెప్పక తప్పదు. 28 రోజుల చక్రం ఉన్నవాళ్లకి 21వ రోజు ఎందుకు పెట్టారంటే, అది తర్వాతి పీరియడ్‌కి ఏడు రోజుల ముందు. అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్ ప్రొజెస్టెరాన్, అది బాగా ఉండేది అప్పుడే. మీ చక్రం 38 రోజులని రాశారు, అంటే మీరు చేయించుకోవాల్సింది 31వ రోజు ప్రాంతంలో. 21న మీకు అండం విడుదలే అయి ఉండదు, ఇక తక్కువ రాక ఏమవుతుంది? ఎప్పుడు వస్తుందో తెలియని వాళ్లకి వారానికోసారి చొప్పున పీరియడ్ వచ్చేదాకా చూడొచ్చు. ఒక మిల్లీలీటర్‌కి 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే లెక్క.

లేకపోతే స్కాన్‌లతో చూడటం, ఫోలిక్యులర్ స్టడీ అంటారు. రెండు మూడు రోజులకోసారి స్కాన్ చేసి ఏ సంచి అయినా పెరుగుతోందా, పగిలిందా అని చూస్తారు. ఇంట్లో చూసుకోవాలంటే పొద్దున్నే మంచం దిగకముందు ఒంటి వేడి రాసుకోవచ్చు, విడుదలయ్యాక అర డిగ్రీ సెల్సియస్ దాకా పెరిగి అలాగే ఉంటుంది. కాకపోతే అది జరిగాక చెబుతుంది, ముందు చెప్పదు. తెల్లబట్ట పచ్చి గుడ్డులోని తెల్లసొనలా సాగుతూ, జారుగా ఉన్న రోజులు మాత్రం ముందే కనిపించే గుర్తు.

ఇవన్నీ తలనొప్పిగా ఉంటే తేలికైన దారి ఒకటి ఉంది. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు, అండం బతికేది ఒక రోజు లోపే. రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉంటే ఏ రోజు విడుదలైనా తప్పిపోదు. నోట్‌బుక్ మూసేసినా నష్టం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారు లెట్రోజోల్ రాశారు. ఇంటికొచ్చి లోపలి కాగితం చదివితే రొమ్ము క్యాన్సర్ మందు అని ఉంది, గర్భిణులు వాడకూడదు అని కూడా ఉంది. చేతులు వణికిపోయాయి. పొరపాటున రాశారా? ఇంకా వేసుకోలేదు.

జవాబు: పొరపాటు కాదు. చదివి భయపడటంలో మీ తప్పూ లేదు, రాసినప్పుడే రెండు నిమిషాలు చెప్పి ఉండాల్సింది. లెట్రోజోల్ నిజంగానే రొమ్ము క్యాన్సర్ కోసం వచ్చిన మందు. అది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారీని కొద్ది రోజులు తగ్గిస్తుంది. మెదడు ‘అరె, ఈస్ట్రోజెన్ తగ్గిపోయిందే’ అనుకుని ఎఫ్‌ఎస్‌హెచ్‌ని ఎక్కువగా పంపుతుంది. ఇందాక చెప్పానే, ఆగిపోయిన సంచికి కావాల్సింది అదేనని. క్యాన్సర్‌లో ఏళ్ల తరబడి రోజూ వాడతారు, మీకు ఇచ్చింది పీరియడ్ మొదట్లో ఐదు రోజులే, సాధారణంగా 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు.

2014లో 750 మంది పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అప్పటిదాకా అందరికీ ఇచ్చే క్లోమిఫెన్‌తో దీన్ని పోల్చారు, గరిష్ఠంగా ఐదు చక్రాలు. లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, క్లోమిఫెన్‌తో 19.1 శాతం. ఆ తర్వాత ఇదే మొదటి మందు అయింది. పుట్టుకతో వచ్చే లోపాల్లో రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అండం విడుదలయ్యేసరికి మందు చాలావరకు ఒంట్లోంచి వెళ్లిపోతుంది, కడుపు నిలిచేది ఆ తర్వాతే కదా. గర్భిణులు వాడకూడదన్నది మాత్రం నిజమే, అందుకే వేసుకునే ముందు కడుపుతో లేరని తేల్చుకోవాలి.

మొదటి నెల అండం రాకపోతే ‘నాకు పనిచేయదు’ అనుకోవద్దు, మోతాదు 5కి, 7.5కి పెంచి చూస్తారు. అండం వచ్చి కూడా కడుపు నిలవకపోవడం వేరే సంగతి, అది మామూలు వాళ్లకీ ప్రతి నెలా నిలవదు. కవలలు పుట్టే అవకాశం మామూలు కంటే కొంచెం ఎక్కువ. వేడి ఆవిర్లు, తలనొప్పి, నీరసం రావొచ్చు. మాత్రలతో కుదరకపోతే ఇంజెక్షన్లు, ఆపైన ఐవీఎఫ్ ఉన్నాయి, ఆ రెండింటిలోనూ పీసీఓఎస్ అండాశయాలు అతిగా స్పందించే ప్రమాదం ఉంటుంది కాబట్టి దగ్గరుండి స్కాన్‌లు చూసే చోటే చేయించుకోవాలి. మీరు ఇప్పుడు అంత దూరం ఆలోచించకండి.

ప్రశ్న: ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా బరువు తగ్గి రమ్మంటున్నారు. 82 కిలోలు ఉన్నాను. ఎంత తగ్గాలో చెప్పరు. నా చెల్లెలు 50 కిలోలే, తనకీ పీసీఓఎస్ ఉంది. మరి తనని ఏం తగ్గమంటారు?

జవాబు: మీ చెల్లెలి సంగతి అడిగి మంచి పని చేశారు. సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ వస్తుంది, తను బరువు తగ్గాల్సిన పనే లేదు. తిండి మానేసి ఇంకా తగ్గితే ఉన్న అండం విడుదల కూడా ఆగిపోవచ్చు. తనని నేరుగా అండం విడుదల పరీక్షలకీ, మందులకీ వెళ్లమనండి.

మీకు లెక్క చెబుతాను. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో పీరియడ్స్ దారిలో పడతాయి. మీకైతే 4 నుంచి 8 కిలోలు. ఇరవై కాదు, ముప్పై కాదు. ఫలానా డైట్ అయితేనే పీసీఓఎస్‌కి పనిచేస్తుంది అనడానికి ఆధారం లేదు, 2023 మార్గదర్శకాలు కూడా అదే చెప్పాయి. మీరు ఏడాది పాటు చేయగలిగేదే మీకు మంచిది. నన్నడిగితే ముందు తీపి పానీయాలు మానేయమంటాను. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా నడవండి, బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది. రాత్రి గట్టిగా గురక, పగలంతా నిద్రమత్తు ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, పీసీఓఎస్‌లో నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఎక్కువ.

‘తగ్గి రండి’ అని చెప్పి తలుపు వేసేయడం మాత్రం నాకు నచ్చదు. బరువు తగ్గే ప్రయత్నం ఒక పక్క, థైరాయిడ్, షుగర్ పరీక్షలు, భర్త పరీక్ష ఒక పక్క నడవాలి. వయసు 30ల మధ్యలో ఉంటే బరువు కోసం ఏళ్లు పోగొట్టుకోవడం అసలే మంచిది కాదు. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు ఎవరైనా తీసుకుంటుంటే, పిల్లల కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. అవాంఛిత రోమాలకి వాడే స్పైరోనోలాక్టోన్, మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ లాంటివి వాడుతూ పిల్లల కోసం ప్రయత్నించకూడదు, ముందే డాక్టర్‌కి చూపించి ఆపేయాలి.

ప్రశ్న: ఇనోసిటాల్ పొడి, మెట్‌ఫార్మిన్, ఏది మంచిది?

జవాబు: ఇనోసిటాల్‌తో పెద్దగా హాని లేదు, పిల్లలు పుట్టే అవకాశం పెంచుతుందనే ఆధారం మాత్రం బలంగా లేదు. ఖర్చు భారం అనిపిస్తే మానేయండి, ఏం కోల్పోరు. మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ సమస్యకి మంచి మందు, కానీ అండం విడుదలకి ఒక్కటే సరిపోదు. 2007 నాటి అధ్యయనంలో క్లోమిఫెన్‌తో 22.5 శాతం మందికి బిడ్డ పుడితే, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 7.2 శాతమే. కడుపులో తిప్పడం, విరేచనాలు ఉంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనంతో పాటు వేసుకోవాలి. ఏళ్ల తరబడి వాడితే బీ12 చూపించుకోండి. వీటన్నిటి కంటే ముందు వేసుకోవాల్సింది ఫోలిక్ యాసిడ్, రోజుకి కనీసం 400 మైక్రోగ్రాములు, కడుపు నిలవకముందు నుంచే. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి మోతాదు పెంచుతారు, అడిగి వేసుకోండి.

ప్రశ్న: నా భార్యకి పీసీఓఎస్. ప్రతి నెలా పీరియడ్ వచ్చిన రోజు బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడుస్తుంది, బయటికొచ్చి ఏమీ లేదంటుంది. కనబడిన వాళ్లంతా ‘విశేషం ఏమైనా ఉందా’ అని తననే అడుగుతున్నారు. నేనేం చేయగలను?

జవాబు: మొదటిది, మీ వీర్య పరీక్ష చేయించుకున్నారా? రెండు నుంచి ఏడు రోజులు ఆగి ఇవ్వాల్సిన చిన్న పరీక్ష. ఆమెకి పీసీఓఎస్ అని పేరు పడింది కాబట్టి మిమ్మల్ని ఎవరూ అడగలేదేమో. ఆరు నెలలు ఆమె మాత్రలు మింగాక అసలు సమస్య ఇటు వైపు కూడా ఉందని తేలితే, ఆ ఆరు నెలల బాధా ఆమె ఒంటరిగా పడినట్టు. సిగరెట్ ఉంటే ఈరోజే మానేయండి, కొత్త కణాలు తయారవడానికి రెండున్నర మూడు నెలలు పడుతుంది.

రెండోది, ఆ ప్రశ్నలకి జవాబు ఇకపై మీరు చెప్పండి. ‘మేమే చెబుతాం, తనని అడగొద్దు’ అని ఒక్కసారి గట్టిగా అంటే చాలు, ఆ మాట మీ నోటి నుంచి వస్తే దాని బలమే వేరు. స్కాన్ రోజు మీరు కూడా వెళ్లి కూర్చోండి. డాక్టర్ చెప్పినదంతా ఒక్క మనిషి గుర్తుపెట్టుకోవాలంటే కష్టం.

మూడోది, పీసీఓఎస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువ. ఆమె నెల పొడవునా దిగులుగా ఉంటోందా, నిద్ర, తిండి తగ్గాయా గమనించండి. ఉంటే కౌన్సెలర్ దగ్గరికో, మానసిక వైద్యుల దగ్గరికో వెళ్లాలి, పిల్లలు పుట్టాక అదే సర్దుకుంటుందని వాయిదా వేయొద్దు. ఆ కుళాయి సంగతి మీకు తెలుసని ఆమెకి చెప్పండి. ఏమీ లేదన్నా సరే, పక్కన కూర్చోండి.

ప్రశ్న: మూడో నెల లెట్రోజోల్‌తో పాజిటివ్ వచ్చింది మేడమ్! నమ్మలేక మూడు సార్లు టెస్ట్ చేసుకున్నాను. మెట్‌ఫార్మిన్ ఆపేయాలా? ఇంకేం జాగ్రత్తలు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను, అంత సంతోషంగా ఉంది. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు, కొనసాగించొద్దు, ఈ వారమే డాక్టర్‌ని అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపకండి. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి గర్భంతో వచ్చే షుగర్, బీపీ ఎక్కువ, కాబట్టి 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష ఇప్పుడొకసారి, బాగానే ఉంటే మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య చేయించుకోవాలి. వెళ్లిన ప్రతిసారీ బీపీ చూపించుకోండి. బ్లీడింగ్ గానీ, ఒక పక్కన గట్టిగా నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ఒక చిన్న విషయం, చాలామంది దీని దగ్గరే కంగారు పడతారు. చివరి పీరియడ్ తేదీ నుంచి వారాలు లెక్కపెట్టే పద్ధతి 28 రోజుల చక్రానికి. మీకు ఆలస్యంగా అండం విడుదలై ఉంటే ఆ లెక్కకి ఏడు వారాలు అయినా బిడ్డ ఐదు, ఆరు వారాలంతే కనబడొచ్చు, గుండె చప్పుడు ఇంకా వినిపించకపోవచ్చు. వెంటనే ఏదో అయిపోయిందని ఏడవకండి, వారం పది రోజుల తర్వాత మళ్లీ స్కాన్ చేసి చూస్తారు. ఏ నెల ఏ రోజు మాత్ర వేసుకున్నారో, ఏ రోజు సంచి పగిలిందని స్కాన్‌లో చెప్పారో ఆ కాగితాలు వెంట తీసుకెళ్లండి. మీ తేదీ దాన్నిబట్టే లెక్కేయమని అడగండి.